బందరు బేరములు

సముద్రతీరమందలి నగరమొకటి చూడవలెనని బయలుదేరు తెలుగువానికి విశాఖపట్టణమో, చెన్నపట్టణమో, మఱికొంత దూరము పోగలవానికి గోవాయో స్ఫురించును గాని, పారసీకులు, అరబ్బులు, డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఒకరి వెనుక నొకరు వచ్చి లంగరు దించిన మచిలీపట్టణము స్ఫురించుట అరుదు. బందరు అనగానే నేటివారికి జ్ఞప్తికి వచ్చునది లడ్డు. కొందఱకు కలంకారీ చీర. మా ఇండ్లలోని పెద్ద ఆడవారికి చిలకలపూడి గాజులు. చరిత్ర చదివినవారు ఈ మాట తలచుకొని నొచ్చుకొందురు, అంతటి రేవు తుదకు ఒక మిఠాయి పేరై మిగిలెనే యని. నాకట్లు తోచలేదు. ఈ కార్తీకమాసమున ఆ ఊరి వీథులు, తీరము, చుట్టుపట్ల పల్లెలు తిరిగి వచ్చిన పిమ్మట నాకు కలిగిన నిశ్చయమేమనగా, ఆ మూడు వస్తువులే బందరు చరిత్రకు మిగిలిన సజీవసాక్ష్యములనియు, కోటగోడలకంటెను సమాధిఫలకములకంటెను వానియందే ఆ పురాతన నగరము నిలిచియున్నదనియు, కావున ఈ ఊర బజారునకు పోవుట కాలక్షేపము గాక దర్శనమునందలి ముఖ్యభాగమే యనియును.

విజయవాడ నుండి బందరునకు డెబ్బది కిలోమీటర్ల దూరము. పూనా నగరమున మొదలై హైదరాబాదు మీదుగా వచ్చు జాతీయరహదారి బందరుతో ముగియును. గోలకొండ సుల్తానుల కాలమున వజ్రములును, వస్త్రములును, నీలిమందును బండ్లపైని, ఎద్దులపైని రేవునకు దిగివచ్చిన పురాతనమార్గము ఇంచుమించుగా ఇదియే కనుక, ఈ దారిని వచ్చువాడు తనకు తెలియకయే ఒక గొప్ప వాణిజ్యప్రవాహము వెంట నడచుచుండును. విజయవాడ దాటిన తరువాత చాలదూరము బందరు కాలువ తోడుగా వచ్చును. ఉయ్యూరు వద్ద చెఱకు, పామర్రు వద్ద పండబాఱుచున్న వరిచేలు, గట్లపై వరుసలు తీర్చిన తాడిచెట్లు, నడుమనడుమ చేపల చెఱువులు. క్రమక్రమముగా గాలిలో ఉప్పదనము హెచ్చి, నేల మఱింత పల్లమై, ఆకాశము విశాలమగుచు వచ్చును. కొండ యన్నది కనుచూపుమేర లేదు. నీటికిని భూమికిని నడుమ సరిహద్దు నిశ్చయముగా గీయబడని దేశమిది. ఇక్కడి మనుష్యుల కష్టసుఖములన్నియు ఆ అనిశ్చయమునుండియే పుట్టినవి.

మా బావగారు ఈ ఊర ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. ఆయన నన్ను తెల్లవాఱకమునుపే లేపి, స్నానమైన వెంటనే కోనేరు సెంటరునకు తీసికొనిపోయిరి. ఊరికి నడిబొడ్డు ఇదియే. బస్సులు, ఆటోలు, పూలబుట్టలు, వెండి బంగారు దుకాణములు, బట్టల కొట్లు, మందుల కొట్లు, మిఠాయి అంగళ్లు అన్నియు ఇచ్చటికే వచ్చి కూడుకొన్నవి. కార్తీకమగుటచే అరటిదొన్నెలును, ఆవునేతి వత్తులును, ఉసిరికాయలును కుప్పలుగా పోసి అమ్ముచుండిరి. మేము అల్లపుపచ్చడితో వేడివేడి పెసరట్టు తిని, పొగలు గ్రక్కు కాఫీ త్రాగి, ఎండ తీక్ష్ణము కాకమునుపే పాతపేటలు చూడ బయలుదేరితిమి.

బందరు పటమును ఎదుట పెట్టుకొని చూచినచో ఐరోపాఖండమున జరిగిన పోటీ యంతయు పేటల పేర్లలో కనబడును: డచ్చివారున్నది వలందపాలెము, ఆంగ్లేయులున్నది ఇంగ్లీషుపాలెము, ఫ్రెంచివారున్నది ఫ్రెంచిపేట. డచ్చివారు 1605లో ఇచ్చట వర్తకస్థానమును నెలకొల్పిరి. ఆంగ్లేయులు హిప్పన్ అను నావికుని నాయకత్వమున 'గ్లోబ్' అను ఓడపై 1611లో వచ్చిరి. చెన్నపట్టణము, కలకత్తా వారి ఊహలోనికైన రానినాటి మాట యది. ఫ్రెంచివారు 1669లో చేరిరి. వీరందఱకంటె ముందే పారసీక వర్తకులు గోలకొండ కొలువున పలుకుబడి గలవారై ఈ రేవున స్థిరపడియుండిరి. 1652లో పారసీకతీరమునుండి గోలకొండ సుల్తానుగారి ఓడ నెక్కి వచ్చిన టావెర్నియే అను ఫ్రెంచి వజ్రవర్తకుడు, ఇండ్లన్నియు కఱ్ఱతో కట్టినవై ఊరు చూపునకు సామాన్యముగా నున్నదనియు, అయినను బంగాళాఖాతమున ఇంత మంచి రేవు లేదనియు, ఇచ్చటినుండి పెగూ, సయాము, మక్కా, హోర్ముజు, సుమత్రా, మనిల్లా మొదలగు స్థలములకు ఓడలు పోవుచుండుననియు తెలిపియున్నాడు. కఱ్ఱయిండ్ల నడుమ ప్రపంచమంత విస్తృతి గల వ్యాపారము! వీథిలో నడచునప్పుడు ఈ సంగతిని మనసున నుంచుకొన్నవానికి సామాన్యమైన పెంకుటింటి అరుగు సైతము సామాన్యముగా కనబడదు.

ఫ్రెంచిపేట కథలో నన్ను మిక్కిలి ఆకర్షించిన దొకటి యున్నది. ఫ్రెంచివారు 1750లో ఈ పట్టణమును వశపఱచుకొని, తొమ్మిదేండ్లు తిరుగకమునుపే, 1759 ఏప్రిలులో, ఆంగ్లేయుల సేనాని కర్నల్ ఫోర్డు చేసిన ముట్టడిలో కోల్పోయిరి. ఆ దెబ్బతో ఉత్తరసర్కారులలో వారి ప్రాబల్యము అంతరించెను. అయినను ఒక చిన్న స్థలముపై మాత్రము వారి హక్కు నిలిచియే యుండి, ఆంగ్లేయుల ప్రభుత్వము వచ్చి, పెరిగి, తుదకు తొలగిపోయినను తాను తొలగక, 1947 అక్టోబరులో గాని స్వతంత్రభారతమునకు సంక్రమింపలేదు.

డచ్చివారి సమాధులున్న చోటికి పోయితిమి. పురావస్తుశాఖవారి రక్షణలో నున్న ఆ ఆవరణములో పదునేడవ శతాబ్దమునాటి రాతిపలకలపై వంశచిహ్నములు, శిరస్త్రాణములు, లతలు, వారి లిపిలో పొడవైన శాసనములు చెక్కబడియున్నవి. అక్షరములు ఎంత లోతుగా, ఎంత సమముగా తీర్చబడినవో చూచి చాలసేపు నిలువబడితిని. చనిపోయినవారు పరదేశీయులే కావచ్చును. ఆ ఉలి పట్టిన చేయి ఈ దేశపు శిల్పిదే యైయుండునని నా నమ్మకము. తాను చదువలేని లిపిని ఇంత శ్రద్ధతో చెక్కిన వాని నైపుణ్యమే, తాను కట్టని వస్త్రముపై, తాను చూడని దేశమువారి అభిరుచికి సరిపోవునట్లు పూవులు లతలు అచ్చువేసిన అద్దకపువాని నైపుణ్యము కూడ. బందరు పనివాని శక్తి అంతయు అందే యున్నది.

కోట అచ్చటికి దూరము, సముద్రపు దిశను. కోట యనుటకు నేడు మిగిలినవి కొన్ని గోడలు, పైకప్పులు లేని కొన్ని కట్టడములు, చుట్టును ఉప్పుటేళ్లును, తుమ్మచెట్లును. ఇది ఇట్లగుటకు కారణము కాలమొక్కటియే కాదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో కూడి లేచిన సముద్రము ఊరిని ముంచివేసి, పట్టణమునందును పరిసరగ్రామములందును కలిసి సుమారు ముప్పదివేలమందిని పొట్టన పెట్టుకొనెను. ఉప్పునీరు చేలమీదికి మైళ్ల దూరము చొచ్చినది. ఆ పిమ్మట ప్రభుత్వము ఇచ్చటి సైనికస్థావరమును తొలగించినది. ఆ నాటికే మాంచెస్టరు మరనూలు దిగుమతియై ఇచ్చటి నేతగాండ్ర నోట మట్టికొట్టియుండెను. రేవు పూడికపడి పెద్ద ఓడలు దూరముగా నిలువవలసి వచ్చుచుండెను. మొదట వ్యాపారము చచ్చినది, తరువాత ప్రళయము వచ్చినది; ఈ వరుసను తారుమాఱు చేసి, తుపాను వలననే బందరు చెడినదని చెప్పుట సముద్రునిపై అన్యాయముగ నేరము మోపుటయే యగును.

సెయింటు మేరీ దేవాలయమును గూర్చి ఊరివారు చెప్పుకొను ప్రేమకథ ఒకటి కలదు: జాన్ పేటర్ అను సేనాపతి, 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సన్ అను కన్యను మఱువలేక, ఆమె సమాధిపై ఈ మందిరమును కట్టించినాడని. బావగారు ఈ కథను చెప్పుటలో చూపిన తన్మయత్వమును చూచి, ఆయన తరగతిలో కూర్చున్న విద్యార్థులు ఎంత అదృష్టవంతులో యని నాకు తోచినది.

ఊరి విద్యాసంస్థలను గూర్చి వ్రాయవలసినది చాల కలదు. కాని నా ప్రయాణమునకు ముఖ్యోద్దేశ్యము వేఱగుటచే ముక్తసరిగా వ్రాయుదును. 1843లో మొదలైన నోబుల్ కళాశాల ఇచ్చటిది. హిందూ పాఠశాలలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తెలుగు చెప్పిన ఊరిది. ఆయన శిష్యులై విశ్వనాథ సత్యనారాయణగారు పెరిగిన ఊరిది. కృష్ణాపత్రిక 1902లో ఇక్కడ పుట్టి, ముట్నూరి కృష్ణారావుగారి చేతిలో పెరిగినది. కోపల్లె హనుమంతరావుగారు ముట్నూరి, పట్టాభి సీతారామయ్యగార్లతో కలిసి 1910లో స్థాపించిన ఆంధ్రజాతీయకళాశాలలో చదువుతో పాటు చేతిపనులు నేర్పిరి. ప్రమోదకుమార చట్టోపాధ్యాయులవంటి చిత్రకారుని వంగదేశమునుండి రప్పించి చిత్రలేఖనము నేర్పించిరి. పట్టాభిగారే 1923లో ఆంధ్రాబ్యాంకును ఇక్కడ నెలకొల్పిరి. పరదేశపు వర్తకుల వలన లాభించియు నష్టపోయియు నున్న ఊరివారు, విద్యలోను ధనములోను స్వదేశీయత యెట్లుండవలెనో అందఱకంటె ముందుగా ఆలోచించుట ఎంత సహజము!

మధ్యాహ్నమునకు చిలకలపూడి చేరితిమి. భక్త నరసింహముగారు కట్టించిన పాండురంగస్వామి ఆలయమిచ్చట కలదు. 1929లో ప్రతిష్ఠ జరిగినది. పండరిపురమునందు వలెనే ఇచ్చటను భక్తులు గర్భాలయములోనికి పోయి స్వామి పాదములను స్వయముగా తాకి నమస్కరింపవచ్చును. కార్తీక శుద్ధ ఏకాదశి నుండి పూర్ణిమ వఱకు ఉత్సవములు జరుగును గనుక వీథి యంతయు జనసమ్మర్దముగా నుండెను. పల్లెటూళ్ల నుండి వచ్చిన స్త్రీలు నేలపై కూర్చుండి భజన చేయుచు, మధ్యమధ్య చంటిపిల్లలకు పాలిచ్చుచు, మఱల తాళము పట్టుచుండిరి. వరుసలో నిలిచి లోనికి పోయి స్వామి పాదములపై తల యానించునప్పటికి నాకు కన్నులు చెమర్చినవి. విగ్రహము చిన్నది, నల్లనిది, అందుబాటులో నున్నది. మన దేవాలయములలో ఈ అందుబాటు ఎంత అపురూపమో వేఱుగ చెప్పనక్కరలేదు.

ఆలయము వెలుపలనే ఆభరణముల అంగళ్లు మొదలగును. గాజులు, గొలుసులు, లోలకులు, వంకీలు, వడ్డాణములు, నాట్యము చేయు బాలికలకు తలసామానులు, పెండ్లికూతుండ్రకు పూర్తి అలంకారములు. బంగారము కొనగలిగినవారి బంగారము పెట్టెలో దాగియుండును. కొనలేనివారి ముచ్చట దేశమందంతటను చిలకలపూడి సరకుతోనే తీరుచున్నది. ఈ పని చేయు ఒక ఇంటికి బావగారు నన్ను తీసికొనిపోయిరి. రాగిదిమ్మెపై పలుచని బంగారు రేకును తొడిగి, కాల్చి అతికించి, యంత్రమున నొత్తి తీగగాను రేకుగాను సాగదీయుట పాతపద్ధతి. సాగినకొలదియు పైని బంగారము కూడ లోని రాగితో పాటు సాగుచు దానిని విడువదు. నేడు చాల సరకు విద్యుత్తుతో పూత పెట్టినదే. ఇంటి వసారాలో నలుగురు స్త్రీలు కూర్చుండి పట్టకార్లతో గొలుసుల కొంకులను ఒకదానిలో ఒకటి తగిలించుచుండిరి. వారికి కూలి తూకమును బట్టియో, మూరలను బట్టియో ముట్టును. కన్నులు నొచ్చవా అమ్మా యని అడిగితిని. వారిలో పెద్దామె తలయెత్తకయే, "నొప్పెడతాయండి. సాయంత్రం దీపాలేళకి ఆపేస్తాం. పిల్లలు ఇస్కూలు నుంచి వచ్చే టయానికి కూర వండాలిగా," అనెను. నేను కొన్న గొలుసు వెల చాల తక్కువ. దానిలోని ప్రతి కొంకిలోను ఆమె చూపు కొంత వ్యయమైయున్నదని తెలిసిన తరువాత బేరమాడుటకు నోరు రాలేదు.

మఱునాడు మంగినపూడి సముద్రస్నానము. ఊరికి పదునొకండు కిలోమీటర్లు. విశాఖయందలి వలె ఇచ్చట బంగారువన్నె ఇసుక లేదు; కృష్ణమ్మ తెచ్చి పోసిన నల్లమట్టి ఇసుకలో కలిసి కాలి క్రింద మెత్తగా దిగబడును. నీరు చాలదూరము లోతు లేకయే యుండును. తొలిచూపునకు సౌందర్యము తక్కువవలె కనబడును గాని, ఈ నల్లదనమే కృష్ణాడెల్టాకు అన్నము పెట్టిన మట్టి. నది తన ప్రయాణమంతయు ముగించి చివరి పిడికెడు మట్టిని సముద్రునకు అర్పించు చోట స్నానము చేయుటలో ఒక సార్థకత యున్నది. వృద్ధులు ఒకరి చేయి ఒకరు పట్టుకొని నీట దిగుచుండిరి. చేరువనే దత్తరామేశ్వరమున ఉన్న పండ్రెండు బావులలో స్నానము చేయుట కొందఱకు నియమము. వారు తడిబట్టలతోనే బావినుండి బావికి నడచుచుండిరి. తీరము వెంబడి కొంతదూరము పోయినచో నూతన రేవు నిర్మాణము కనబడును. లారీలపై కొండరాళ్లు వచ్చి సముద్రములో పడుచున్నవి. ఓడలు మఱల వచ్చుననుమాట ఊరివారందఱ నోటను వింటిని. నాకు కూడ ఆ ఆశ కలదు. అయితే రానున్న ఓడలలోనికి బందరువారు చేసిన సరకు ఎక్కునా, లేక ఎక్కడెక్కడి బొగ్గు, ఎరువు మాత్రమే దిగి ఊరిని దాటి పోవునా యను ప్రశ్న నన్ను విడువలేదు.

గిలకలదిండి చేపల రేవు వద్ద మాత్రము ఆశకును నిరాశకును తావు లేని ప్రత్యక్షమైన వ్యాపారము జరుగుచుండును. మరపడవలు రాగానే చందువలు, వంజరములు, రొయ్యలు, పీతలు గంపలకు గంపలుగా దిగి, క్షణములో పాట పాడబడి, మంచుగడ్డలలో కప్పబడి, బండ్ల కెక్కును. కార్తీకమున చాలమంది నీచు ముట్టరు గనుక వెల తగ్గియుండెను. చందువలు తాటాకు తట్టలో పేర్చి కూర్చున్న ఒక పెద్దామె నన్ను తేఱిపాఱ జూచి, "ఇయ్యాల చౌక బాబూ. కార్తీకం ఎల్లాక రండి, అప్పుడు చెప్తా రేటు," అనెను. నియమముననున్న మా బావగారు నవ్వి, నన్ను మాత్రము పోలిస్వర్గము మఱునాడు మఱల రమ్మని అక్కడనే ఆహ్వానించిరి.

భోజనము ఆనాడు ఒక పూటకూళ్లవారి మెస్సులో అరటియాకుపై జరిగినది. ముద్దపప్పు, దోసావకాయ, నేయి, గోంగూర, వంకాయ అల్లపుకూర, ముక్కలపులుసు, గడ్డపెరుగు. కృష్ణామండలపు వంట ఎంత కారమైనను, పెరుగు వద్దకు వచ్చునప్పటికి నాలుక శాంతించును. వడ్డించు పిల్లవాడు "ఇంకొంచెం వేసుకోండి బాబాయిగారూ" అని నేతిగిన్నె వంచుచుండగా, వద్దనుటకు నాకు మనస్కరింపలేదు.

ఇక లడ్డు. బందరు లడ్డును తొక్కుడు లడ్డు అని కూడ పిలుతురు. ఆ పేరు దాని పనితనమును చెప్పుచున్నది. శనగపిండితో పూస దూసి, నేతిలో వేయించి, రోట వేసి తొక్కి పొడి చేయుదురు. ఆ పొడిని జల్లించి, బెల్లపు పాకములో వేసి, నేయి పోయుచు మఱల తొక్కుదురు. ఏలకులు తగిలించి, చేయి కాలుచుండగనే ఉండ కట్టుదురు. ఇన్ని మాఱులు తొక్కబడుట చేతనే పలుకు అనునది లేక నోట వేయగానే కరగిపోవును; చక్కెరకు బదులు బెల్లము వాడుట చేత తీపి గాఢమై నిదానముగా ఊరును. ఉత్తరదేశమునుండి వలసవచ్చిన బొందిలీ కుటుంబములవారు ఈ విద్యను తెచ్చినారని ఊరివారు చెప్పుదురు. భౌగోళికసూచిక యను రక్షణ దీనికి 2017లో లభించినది. గోధుమపాలు తీసి బెల్లముతో, నేతితో గంటలకొలది కలియబెట్టి చేయు నల్లని హల్వా దీనికి తోబుట్టువు. నేను రెండును కొంటిని. నా అభిప్రాయమడిగినచో హల్వాకే పెద్దపీట వేయుదును. బావగారు ఈ మాటకు నొచ్చుకొనిరి.

పెడన గ్రామమును కడపటికి ఉంచుకొంటిని. గుడివాడ రైలుమార్గమున బందరునకు కొలదిదూరములోనే యున్న ఈ చిన్న పట్టణమునందు మగ్గముల చప్పుడు, అచ్చుల చప్పుడు కలిసి వినబడుచుండును. బందరు ఓడలలో విశేషముగా ఎక్కిన సరకు అద్దకపు బట్టయే. తూర్పుదీవులలో లవంగము, జాజికాయ కొనవలెనన్నచో వెండికంటె ఈ బట్టయే మేలైన మారకమని డచ్చివారు ఎఱిగిరి. పారసీకదేశమువారు పరదాలకు, ప్రార్థనావస్త్రములకు దీనిని కోరిరి. ఐరోపాలో స్త్రీపురుషులు దీనికై ఎంత వెఱ్ఱియెత్తిరనగా, తమ నేతగాండ్రు బ్రతుకలేరని భయపడి 1686లో ఫ్రాన్సు, ఆ తరువాత ఇంగ్లండు అద్దకపు బట్టలను నిషేధించినవి. 1721లో ఆంగ్ల పార్లమెంటు అట్టి బట్టను కట్టుటయే నేరమని శాసించినది. ఒక రాజ్యమును భయపెట్టిన రంగును, ఒక పాకలో, నా యెదుట, లుంగీ ఎగగట్టిన ఒక మనుష్యుడు సిద్ధము చేయుచుండుట చూచితిని.

అతడు చూపిన పనిని చూచినది చూచినట్లు చెప్పుదును. ముదుక నూలుబట్టను పేడనీటిలో నానబెట్టి, ఉతికి, గంజిని వదలగొట్టుదురు. కరక్కాయ పొడి కలిపిన నీటిలో ముంచి ఆఱబెట్టగా బట్టకు లేతపసుపు చాయ వచ్చును. కొందఱు ఇందులో గేదెపాలు కూడ చేర్చుదురు, రంగు అంచు దాటి ప్రాకకుండుటకై. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినములకొలది పులియబెట్టిన ద్రవమును టేకుఅచ్చుతో ఒత్తినంతనే, కరక్కాయలోని వగరుతో కలిసి అది నల్లని రేఖయగును. ఎఱ్ఱన కావలసిన తావున పటికనీటిని జిగురుతో కలిపి అద్దుదురు. అప్పుడక్కడ ఎఱుపు కనబడదు. పాఱునీటిలో జాడించి, రాగికాగులో రంగునిచ్చు వేళ్లతోను, జాజియాకుతోను ఉడికించినప్పుడు, పటిక పడిన తావు మాత్రమే ఎఱుపును పట్టుకొనును, తక్కినది విడిచివేయును. పూర్వము దీనికి చిరివేరు వాడెడివారు. కృష్ణాముఖద్వారపు ఇసుకనేలలలో పండిన చిరివేరుకు సాటిలేదని నాటి వర్తకులు మెచ్చుకొనిరి. పసుపునకు కరకపువ్వు, దానిమ్మతొక్క, నీలమునకు నీలిమందు, ఆకుపచ్చకు ఈ రెండింటి కలయిక. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు, ఒక్కొక్క ఉతుకు, ఒక్కొక్క ఎండ.

అచ్చు వేయువాని చేతిని చూచుచుండినచో కాలము తెలియదు. కుడిచేత అచ్చును రంగుపళ్లెములో తాటించి, ఎడమచేతి వ్రేళ్లతో అంచును సరిచూచి, బట్టపై నుంచి, పిడికిలితో ఒక్క గ్రుద్దు. మఱల తాటించుట, మఱల ఉంచుట. లత ఎక్కడ ఆగినదో అక్కడనే మొదలగును. గుఱుతులు లేవు, గీతలు లేవు. అచ్చులు చెక్కువారు వేఱు. వెంట్రుకవాసి రేఖలను టేకుముక్కపై నిలుపు ఆ విద్య నేర్చుకొను పిల్లలు నానాటికి తగ్గిపోవుచున్నారని అతడు చెప్పెను. బీరువాలోని పాత అచ్చులు కొన్ని తీసి చూపినాడు: సరువుచెట్టువంటి పారసీక వృక్షములు, వంపు తిరిగిన మామిడిపిందెలు, నడుమ పద్మము. అతని తాతగారు వాడినవట.

బజారులో కలంకారీ పేర అమ్ముడుపోవు బట్టలో అధికభాగము తెర అచ్చుతో రసాయనపు రంగులలో దిగినది. దానిని నేను నిందింపను. అది చేయువారును ఈ ఊరి పనివారే, అది కొనువారి చేతిలోని డబ్బును అంతమాత్రమే. కాని ఒకదాని పేర ఒకటి అమ్ముట మాత్రము దుస్సహము. ఏడు ఉతుకులు, ఏడు ఎండలు చూచిన బట్ట, ఒక్కపూటలో తయారైన బట్టతో పోటీపడి, అదే పేరుతో, అదే అంగడిలో ప్రక్కప్రక్కన వ్రేలాడుచుండగా కొనువానికి భేదము తెలియనిచో, మంచి పనివాడు ఎట్లు బ్రతుకును? భేదమును నేనతనిని అడిగి తెలిసికొంటిని. చేతి అచ్చులో లతకును లతకును నడుమ అతుకు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తొలగియుండును. ఎఱుపు ప్రకాశింపదు, కావిచాయగా లోపలికి ఇంకియుండును. క్రొత్తబట్టను ముక్కు దగ్గఱకు తీసికొన్నచో కరక్కాయ వగరువాసన తగులును. ఈ మూడును చూచి కొనుడు. బందరునకు పోవు స్త్రీలకు, పురుషులకు నేను చేయు విన్నప మిది యొక్కటియే: కోటకు పోవు సమయమును సగము చేసియైనను పెడనలో ఒక పాకలో కూర్చుండుడు.

నాకొక దుప్పటి కావలెనని, అతని తాతగారి అచ్చులలోని ఆ పారసీకవృక్షమును నడుమ నిలిపి అద్దవలెనని కోరితిని. అతడు సంతోషించి బట్ట కొలిచి, వెల చెప్పెను. ఎన్ని దినములలో వచ్చునని అడిగితిని. బంగాళాఖాతములో వాయుగుండము లేచినదని ఆ ఉదయమే వార్త వచ్చియుండెను, ఆకాశము మూసికొనియుండెను. అతడు పాక చూరుక్రింద నుండి పైకి చూచి, "కాలువలో నీళ్లున్నాయండి, అచ్చులున్నాయండి. ఎండే రావాల. ముసురు పడితే బట్ట ఆరదు, ఆరని బట్టమీద రంగు నిలవదు. నెల పట్టచ్చు, ఇంకా పైనే పట్టచ్చు. తొందరైతే చెప్పండి, తెర అచ్చుది రేపిస్తా," అనెను. తొందర లేదని చెప్పి, సగము సొమ్ము అతని చేతిలో పెట్టి, మా ఇంటి చిరునామా అతని పుస్తకములో వ్రాసితిని.